మాత్రలు మానేయమన్న బోధ ఎవరిది?



ఈ సంచికకు బి.పి. గురించి రాయమని పత్రిక చూసే పెద్దలు నన్ను అడిగారు. రాద్దామని కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను కూడా. కాని మొన్న ఆడవాళ్ళ వార్డులో జరిగిన సంగతి మనసులోంచి పోవడం లేదు. బి.పి. గురించి వచ్చే సంచికలో రాస్తాను, క్షమించండి.

పాలకొండ వైపు పల్లె నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయి, చంకలో బిడ్డ. దగ్గులో రక్తం పడుతోంది. చీటీలు చూస్తే ఏడు నెలల క్రితమే క్షయ అని తేలింది, మందులు మొదలెట్టారు. రెండు నెలలు సక్రమంగా వేసుకుంది. దగ్గు తగ్గింది, అన్నం సహించింది, నాలుగు కిలోలు బరువు పెరిగింది. ఆ తర్వాత చీటీలో ఏమీ లేదు.

"ఎందుకు మానేశావమ్మా?" అని అడిగాను.

"కూటాలకెల్లినాం సిస్టరమ్మా. మాత్రలేసుకున్నోల్లు దేవుణ్ణి నమ్మనట్టే అన్నారు. అందరూ తెచ్చి స్టేజీ కాడ పడేసినారు. నానూ పడేసినాను."

"నీకు నయమైపోయిందనిపించిందా?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "నేదమ్మా. పడేయకపోతే నా నమ్మకం సాలదంటారేమో అని బయమేసింది."

మళ్ళీ జబ్బు తిరగబెట్టాక ఆ బోధకుడినే అడిగారట. "మీ ఇంట్లో ఎవరికో విశ్వాసం లేదు, అందుకే స్వస్థత నిలవలేదు" అన్నారట. ఆ 'ఎవరికో' ఎవరని ఇంట్లో వెతుకులాట మొదలైంది. అత్త కోడల్ని అంది, కోడలు మొగుణ్ణి అంది. చివరికి ఆ పిల్లను పుట్టింటికి పంపేశారు. తల్లి మా దగ్గరకు తీసుకొచ్చింది. కఫం పరీక్షలో రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు క్రిములు లొంగడం లేదని తేలింది. బిడ్డకు కూడా పరీక్షలు చేయించాం.

క్షయ గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. మందులు మొదలెట్టిన రెండు మూడు వారాలకే దగ్గు, జ్వరం తగ్గుముఖం పడతాయి. రెండు నెలలకు మనిషి తేరుకుంటాడు. కాని క్రిములన్నీ చావవు. మొండివి కొన్ని లోపల నక్కి ఉంటాయి. అందుకే మామూలు క్షయకు ఆరు నెలల మందు: మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు. మధ్యలో మానేస్తే మిగిలిన మొండి క్రిములే పెరుగుతాయి, పాత మందు వాటి మీద పని చేయకుండా పోవచ్చు. అలాంటి మొండి క్షయకు వైద్యం ఏడాదిన్నర, ఇరవై నెలలు ఉండేది. ఇప్పుడు కొందరికి ఆరు నెలల కొత్త పద్ధతి వచ్చింది గాని అందరికీ అది కుదరదు.

అంటే ఆ అమ్మాయి కూటానికి వెళ్ళేనాటికి ఒంట్లో తేలిక కనబడటం నిజమే. ఆ మేలు రెండు నెలల మందు వల్ల వచ్చింది. వేదిక మీద ఉన్నాయన ఆ మేలును తన ప్రార్థన ఖాతాలో రాసుకున్నాడు.

నేను క్రైస్తవురాలిని. రోజూ ఉదయం వార్డులో ప్రార్థన చేసి డ్యూటీ మొదలెడతాం. ఆపరేషను థియేటరుకు వెళ్ళే మనిషి చేయి పట్టుకుని ప్రార్థించిన రోజులు లెక్కలేనన్ని. డాక్టర్లు ఆశ వదులుకున్న వారు లేచి నడిచి ఇంటికి వెళ్ళడం ఈ కళ్ళతో చూశాను. దేవుడు స్వస్థపరుస్తాడని నమ్ముతాను. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి మాటలు రాస్తే "సిస్టరు గారికి విశ్వాసం తగ్గింది" అనే వారుంటారు. మా సంఘంలోనే ఉన్నారు.

ఇప్పుడు నా సొంత ఇంటి సంగతి. మా అప్పను అడిగి, ఆమె సరేనన్నాకే రాస్తున్నాను.

మా అప్ప కొడుక్కి పదమూడేళ్ళప్పుడు షుగరు బయటపడింది. 2004 సంవత్సరం. పిల్లలకు వచ్చే షుగరు పెద్దవాళ్ళ షుగరు లాంటిది కాదు. ఒంట్లో ఇన్సులిన్ తయారయ్యే కణాలే నశించిపోతాయి. బయటనుంచి ఇంజక్షను ఇస్తేనే బ్రతుకు. మా వాడు మొదట ఏడ్చేవాడు, తర్వాత తనే పొడుచుకోవడం నేర్చుకున్నాడు. రెండు నెలలయ్యేసరికి డోసు తగ్గించాల్సి వచ్చింది. షుగరు పడిపోతోందని డాక్టరు గారు తగ్గిస్తూ వచ్చారు.

అలా తగ్గడం వైద్యులకు తెలిసిన విషయమే. ఇన్సులిన్ మొదలెట్టాక, మిగిలిన కొద్ది కణాలు కాస్త తేరుకుని కొన్నాళ్ళు పని చేస్తాయి. కొన్ని వారాలో, కొన్ని నెలలో ఉంటుంది. డాక్టర్లు దీన్ని హనీమూన్ దశ అంటారు. అది అయిపోయాక డోసు మళ్ళీ పెరుగుతుంది. మా అప్పకు ఇది ఎవరూ సరిగ్గా చెప్పలేదు. నర్సునైన చెల్లెలు కూడా చెప్పలేదు.

అప్పుడే ఊళ్ళో మూడు రోజుల స్వస్థత కూటాలు పెట్టారు. బోధకుడు ఎక్కడో దూరం నుంచి వచ్చాడు. డోసు తగ్గుతోందని అప్ప సాక్ష్యం చెప్పింది. ఆయన పిల్లాణ్ణి వేదిక మీదకు పిలిచి, "ఈ రోజు నుంచి నీకు సూది లేదు" అని ప్రకటించాడు. జనం చప్పట్లు, స్తోత్రాలు. పిల్లాడి ముఖం వెలిగిపోయింది. మరి పదమూడేళ్ళ పిల్లవాడు, రోజుకు రెండు సూదులు తప్పుతాయంటే సంతోషించడా?

నేను ఆ రాత్రి ఆ షామియానా కిందే ఉన్నాను. నాలుగో వరసలో. లేచి "అలా చేయకండి" అనాలి. అనలేదు. అందరి ముందు దైవజనుడి మాట కాదంటే ఏమనుకుంటారోనని సిగ్గుపడ్డాను. పొద్దున్న ఇంటికెళ్ళి అప్పకు నెమ్మదిగా చెబుదామనుకున్నాను. పొద్దున్న డ్యూటీ. మర్నాడు సాయంత్రం వెళ్ళి చెప్పాను గాని గట్టిగా చెప్పలేదు. "డాక్టరు గారినోసారి అడిగి మానొచ్చు కదప్పా" అన్నాను. "నువ్వు కూడా అవిశ్వాసంగా మాట్లాడకే" అంది. ఊరుకున్నాను.

ఐదో రోజున వాంతులు. కడుపునొప్పి, ఆయాసం. తిండి పడలేదనుకుని వాము నీళ్ళు పట్టారు. ఊపిరి రొప్పుతూ, నోట్లోంచి మాగిన పండు వాసన వస్తోంటే ప్రార్థన చేయిస్తూ ఒక రాత్రంతా ఉంచారు. తెల్లారి ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికి స్పృహ లేదు. రెండు రోజులు పోరాడారు. మా వాడు మాకు దక్కలేదు.

మరుసటి ఏడాది అదే బోధకుడి కూటాలకు కరపత్రాలు పంచారు. ఆయన సాక్ష్యాల సి.డి. బల్ల మీద పెట్టి అమ్మారు. అందులో మా వాడున్నాడు. "నాకు సూది అవసరం లేదు, దేవుడు నన్ను బాగుచేశాడు" అని నవ్వుతూ చెబుతున్నాడు. వాడు చనిపోయాడని చెప్పి సి.డి. ఆపమని మా బావ అడగడానికి వెళితే, "ఆ సమయంలో స్వస్థత నిజమే, తర్వాత మీరు నిలబెట్టుకోలేదు" అన్నారు. ఆ బోధకుడి పేరు రాయను. ఆయన ఇప్పుడు లేడు కూడా. నేను చెప్పుకోవలసింది నా మౌనం గురించే. ఆ మౌనం వల్లనే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

మరి బోధను పరీక్షించడం తప్పా? చాలా మంది విశ్వాసులకు ఇదే భయం. దైవజనుణ్ణి ప్రశ్నిస్తే శాపం తగులుతుందని. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం చదవండి. బెరయలోని వారు పౌలు అంతటి వాడు చెప్పిందాన్ని కూడా నిజమో కాదో అని ప్రతిదినం లేఖనాలు తీసి చూసుకున్నారు. దాన్ని లూకా తప్పుగా రాయలేదు, మెచ్చుకుంటూ రాశాడు. ఆ లూకా వైద్యుడని కొలొస్సయులకు రాసిన పత్రిక చెబుతుంది. యోహాను మొదటి పత్రిక 4వ అధ్యాయం ప్రతి ఆత్మను నమ్మవద్దని, పరీక్షించాలని చెబుతుంది. ఇవి ఎవరికి రాసినవి? వేదిక మీద ఉన్నవారికి మాత్రమే కాదు, కింద చాప మీద కూర్చున్న మనకు కూడా.

చదివి పరీక్షించుకోమనే మనకు బైబిలును మన భాషలో ఇచ్చారు. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీలు క్రాన్, డెస్‌గ్రాంజ్ అనే వారు తెలుగు అనువాదం మొదలెట్టారు. 1818 నాటికి కొత్త నిబంధన తెలుగులో అచ్చయింది. రెండు వందల ఏళ్ళుగా మన చేతిలో ఉన్న పుస్తకం. కాని కూటాల్లో మనం బైబిలు తెరుస్తున్నామా, స్పీకరు బాక్సుల వైపు చూస్తున్నామా? నన్నూ కలుపుకునే అడుగుతున్నాను.

స్వస్థతను పరీక్షించడం కూడా లేఖనంలో ఉంది. లేవీయకాండము 13వ అధ్యాయాన్ని మనం విసుగొచ్చి దాటేస్తాం. నర్సుగా నాకు అది చాలా ఇష్టమైన అధ్యాయం. చర్మం మీద మచ్చ కనిపిస్తే యాజకుడు వెంటనే తీర్పు చెప్పడు. ఏడు రోజులు విడిగా ఉంచి మళ్ళీ చూస్తాడు. తేలకపోతే ఇంకో ఏడు రోజులు ఉంచి మళ్ళీ చూస్తాడు. వార్డులో మేము చేసే పని ఇదే. యేసు ప్రభువు కూడా పదిమంది కుష్ఠరోగులతో, వెళ్ళి యాజకులకు మిమ్మల్ని చూపించుకోండి అన్నాడు, లూకా 17లో ఉంది. ఆయన బాగుచేసినది పరీక్షకు నిలబడుతుంది కాబట్టి పరీక్షకు భయపడలేదు. నిజంగా స్వస్థత జరిగితే కఫం పరీక్షలో, రక్త పరీక్షలో అది కనబడాలి కదా! పరీక్షకు వెళ్ళడమే అవిశ్వాసమని చెప్పే బోధకుడు దేనికి భయపడుతున్నాడు?

హిజ్కియా రాజు సంగతి మరొకటి. మరణకరమైన జబ్బు. యెషయా ప్రవక్త దేవుని దగ్గరనుంచి మాట తెచ్చాడు, పదిహేనేళ్ళ ఆయుష్షు ఇస్తానని. అంత స్పష్టమైన వాగ్దానం ఉన్నా, అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టమన్నది కూడా ఆ ప్రవక్తే. ప్రార్థన, వాగ్దానం, పట్టు మూడూ ఒకే మంచం దగ్గర ఉన్నాయి. పౌలు తిమోతి కడుపు జబ్బుకు ప్రార్థన కూటం పెట్టమనలేదు, ఆ రోజుల్లో ఇంటి వైద్యంగా వాడే కొద్దిపాటి ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. త్రోఫిమును రోగిగా మిలేతులో విడిచి వచ్చానని ఆయనే రాశాడు. త్రోఫిముకు విశ్వాసం లేదని ఎక్కడా అనలేదు.

ఇక దేవాలయ శిఖరం సంగతి. దూకు, దేవదూతలు పట్టుకుంటారు అని సాతాను లేఖనం చూపించి మరీ అన్నాడు. ప్రభువు దూకలేదు. ఇన్సులిన్ మానేసి దేవుడు కాపాడతాడో లేదో చూద్దామనడం నాకైతే ఆ శిఖరం మీదనుంచి దూకడంలాగే కనబడుతుంది.

డబ్బు దగ్గర కూడా తేడా తెలుస్తుంది. రాజులు రెండవ గ్రంథం 5లో నయమాను కుష్ఠు పోయాక బంగారం, వెండి, బట్టలు ఇస్తానంటే ఎలీషా ఒక్కటీ ముట్టుకోలేదు. వెనకాల పరుగెత్తి అడిగి తీసుకున్న గేహజీకి ఏమైందో మీకు తెలుసు. ఇప్పుడు నూనె సీసాకు ఒక ధర, చేతి రుమాలుకు ఒక ధర, పేరు పెట్టి ప్రార్థన చేస్తే ఒక ధర. కూలికెళ్ళి సంపాదించిన డబ్బులు అవి. మా ఆసుపత్రిలో కూడా బిల్లు కట్టాలి కదా అని ఒకాయన నన్నడిగాడు. నిజమే, కట్టాలి. కాని మేము రసీదు ఇస్తాం, తగ్గకపోతే మీ విశ్వాసం చాలలేదని అనము.

ఇవన్నీ ఎక్కడో మారుమూల పల్లెల్లో చదువు లేనివారికే జరుగుతాయనుకోకండి. 2011లో లండన్ నగరంలో హెచ్.ఐ.వి. ఉన్న కొందరు, ప్రార్థనతో నయమైందని పాస్టర్లు చెప్పగా మందులు మానేసి చనిపోయారని బి.బి.సి. వార్తల్లో వచ్చింది. 2023లో కెన్యా దేశంలో షకహోలా అనే అడవిలో ఒక బోధకుడి మాట విని ప్రభువును కలుసుకుంటామని పస్తులుండి చనిపోయిన వారి శవాలు నాలుగు వందలకు పైగా బయటపడ్డాయి. అందులో చాలా మంది పిల్లలు. మన రాష్ట్రంలోనే 2025 మే నెలలో నెల్లూరు జిల్లాలో మెదడులో కణితి ఉన్న చిన్న పాపను వైద్యానికి బదులు ప్రార్థన మందిరంలో ఉంచారని, బ్రతకలేదని పత్రికల్లో చదివాం. ఆ తల్లిదండ్రులను నేను తిట్టలేను. మా అప్ప ముఖం గుర్తొస్తుంది.

హెచ్.ఐ.వి. గురించి ప్రత్యేకంగా ఒక మాట. మన దేశంలో 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం ఎ.ఆర్.టి. మందులు ఉచితంగా ఇస్తోంది. రోజూ వేసుకుంటే రక్తంలో వైరసు బాగా తగ్గి, వైరల్ లోడ్ పరీక్షలో 'కనబడలేదు' అని వస్తుంది. ఆ కాగితాన్ని పట్టుకుని కూటాల్లో "నాకు హెచ్.ఐ.వి. పోయింది" అని సాక్ష్యం చెప్పిన వారు నాకు తెలుసు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, కాగితంలో అలానే ఉంది. కాని అది మందు పని చేస్తోందన్న రుజువు. వైరసు ఒంట్లో దాగి ఉంది. మందు మానితే కొన్ని వారాల్లోనే తిరిగి లేస్తుంది. ఇలాంటి కాగితం చేతికొచ్చిన రోజున దేవునికి స్తోత్రం చెప్పండి, సాయంత్రం మాత్ర వేసుకోండి.

మూర్ఛ రోగులది ఇంకో కథ. మార్కు 9వ అధ్యాయంలోని పిల్లవాడి సంగతి చదివి, మూర్ఛ అంటే దయ్యమే అని తేల్చేస్తారు. గార్డినాల్, ఎప్టాయిన్, వాల్‌ప్రోయేట్ లాంటి మాత్రలు ఒక్కసారిగా మానేస్తే ఫిట్సు ఆగకుండా ఒకదాని మీద ఒకటి రావచ్చు. ఐదు నిమిషాలు దాటి ఫిట్సు ఆగకపోతే అది ప్రాణాపాయం, నూనె రాస్తూ కూర్చోవద్దు, బండి పిలవండి. ఫిట్సు రాకుండా రెండు మూడేళ్ళు గడిస్తే డాక్టరు గారే చూసి నెమ్మదిగా తగ్గించడం మొదలెట్టవచ్చు. అది కూడా దేవుని మేలే కదా.

సీతంపేట, భద్రగిరి, పాచిపెంట వైపు కొండ ఊళ్ళ వారికి ఒక హెచ్చరిక. జ్వరం వచ్చిన మనిషి ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడితే, ఎవరినీ గుర్తుపట్టకపోతే, మెదడుకు ఎక్కిన మలేరియా కావచ్చు. దాన్ని దయ్యమని కట్టేసి రాత్రంతా ప్రార్థన చేయించిన వారిని తెల్లారి మోసుకొస్తారు. ఆ ఒక్క రాత్రే ప్రాణం తీస్తుంది. వేలిమీద రక్తపు చుక్కతో పావుగంటలో తేలే పరీక్ష ఆశ వర్కరు దగ్గర ఉంటుంది. ముందు అది చేయించండి.

ఉద్దానం సంగతి రాయకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస వైపు ఇంటికొకరు చొప్పున కిడ్నీ జబ్బుతో బాధపడుతున్న వీధులున్నాయి. ఎందుకొస్తోందో ఇదీ అని ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. కారణం తెలియని జబ్బు చుట్టూ బోధలు ఈగల్లా ముసురుతాయి. తాతల పాపమని, శాపమని చెప్పేవారు వచ్చారు. యోహాను 9లో పుట్టు గ్రుడ్డివాణ్ణి చూసి శిష్యులు ఎవరి పాపమని అడిగితే ప్రభువు ఏమని జవాబిచ్చాడో ఆ కుటుంబాలకు చదివి వినిపించండి. వాళ్ళ మీద జబ్బు బరువు చాలు.

డయాలసిస్ వారికి నీళ్ళు కొలతగా తాగమంటాం. కిడ్నీలు నీటిని బయటకు పంపలేవు గనుక ఎక్కువైన నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం వస్తుంది. అలాంటి మనిషికి 'అభిషేక జలం' అని సీసాలకు సీసాలు తాగించారు. ఇంకొక చోట ప్రార్థించి ఇచ్చిన కొబ్బరి నీళ్ళు. కొబ్బరి తోటల సీమలో కొబ్బరి నీళ్ళు తప్పని ఎవరికి తోస్తుంది? కాని అందులో పొటాషియం ఎక్కువ. కిడ్నీ పని చేయని వారికి పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. వెనక విశాఖ వరకు బస్సులో పోయేవారికి ఇది ఎంతో నయం. డయాలసిస్ ఒక్క వారం కూడా తప్పించకండి, ఏ కూటం ఉన్నా సరే.

మన మిషను ఆసుపత్రుల చరిత్ర ఈ తరం పిల్లలకు తెలియదు. సోంపేటలో ఆరోగ్యవరం ఆసుపత్రిలో కెనడా నుంచి వచ్చిన డాక్టర్ బెన్ గలిసన్ గారు కంటి ఆపరేషన్లు చేసేవారు. ఆయన మాటలు విని కాల్గరీ పట్టణంలోని ఆర్ట్ జెంకిన్స్ అనే విశ్వాసి 1963లో సహాయ సంస్థ మొదలెట్టారు, అదే ఆపరేషన్ ఐసైట్. ఎక్కడో కెనడాలో విశ్వాసులు కానుక వేస్తే శ్రీకాకుళం జిల్లా ముసలమ్మకు చూపు వచ్చింది. సాలూరులో ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి ఉంది. 1980ల్లో మన జిల్లాలకు బహుళ ఔషధ చికిత్స వచ్చాక, జీవితాంతం మందు మింగాల్సిన కుష్ఠు రోగులు నెలల లెక్కన నయమై ఇళ్ళకు వెళ్ళారు. ఆ మాత్రల్లో దేవుని చేయి లేదని ఎలా అనగలం? మన తాతలకు సువార్త చెప్పిన వారే మందు సీసా కూడా పట్టుకొచ్చారు.

ఇంత రాశాను గనుక ఒక మంచి కాపరి గురించి కూడా రాయాలి. విజయనగరం దగ్గర ఒక పల్లె సంఘంలో ఉండేవారు. పెద్దవారు, సైకిలు మీద తిరిగేవారు. రోగి ఇంటికి ప్రార్థనకు వెళితే మొదట అడిగే మాట "మందుల సంచి తీయండి" అని. మాత్రలు లెక్కపెట్టేవారు. "పదిహేను రోజులకిచ్చారు, ఇంకా ఇన్నెందుకున్నాయి?" అని గదమాయించేవారు. అప్పుడు మోకరించి ప్రార్థన చేసేవారు. నయమైందని ఎవరైనా సాక్ష్యం చెబుతామంటే, "డాక్టరు గారి చీటీ చూపించి చెప్పు నాయనా, దేవుని పేరు మీద చెప్పే మాట కదా" అనేవారు. ఆ సంఘం నుంచి మధ్యలో మందు మానేసిన క్షయ రోగి నాకు తెలిసి ఒక్కరూ రాలేదు. ఆయన సమాధి కార్యక్రమానికి మా స్టాఫంతా వెళ్ళాం.

సంఘ పెద్దలకు ఒక విన్నపం. బయటనుంచి బోధకుణ్ణి పిలిచేముందు, మందులు మానమని చెప్పకూడదని మాట తీసుకోండి. క్యాన్సరు, షుగరు, మూర్ఛ, క్షయ లాంటి జబ్బులను మహిమల తాయెత్తులతో, మంత్రాలతో నయం చేస్తామని ప్రకటనలు వేయడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. కరపత్రం అచ్చువేసేది సంఘం పేరు మీద గనుక చదివి చూసి మరీ వేయండి.

శ్రమకాలం ఉపవాసాల గురించి ఎప్పుడూ అడుగుతారు. ఇన్సులిన్ వేసుకునేవారు, షుగరు మాత్రలు వాడేవారు డాక్టరును అడగకుండా పూర్తి ఉపవాసం ఉండవద్దు. తినకుండా మందు వేసుకుంటే షుగరు పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం. తినడం లేదని మందు మానేస్తే షుగరు పెరగడం. రెండూ ప్రమాదమే. గర్భిణులు, డయాలసిస్ వారు, క్షయ మందుల వారు ఉపవాసం ఉండకండి. మాంసం మానవచ్చు, టీవీ మానవచ్చు, ఎదుటివారి మీద కోపం మానవచ్చు. అది చాలా కష్టమైన ఉపవాసం, నేను ఇప్పటికీ పూర్తి చేయలేదు.

ప్రార్థన నూనె తెచ్చుకుంటే నుదుటి మీద రాయండి, యాకోబు పత్రికలో ఉన్నదే. కుట్ల మీద, కాలిన గాయం మీద, ఆపరేషను అయిన కంట్లో వేయవద్దు. డ్రెస్సింగు విప్పి నూనె పోసి మళ్ళీ కట్టేస్తే మాకు తెలియదనుకుంటారు. వాసన చెప్పేస్తుంది.

పాలకొండ అమ్మాయి ఇంకా మా వార్డులోనే ఉంది. కొత్త మందులు మొదలయ్యాయి. బిడ్డ పరీక్షలు బాగానే వచ్చాయి. క్షయ రోగులకు పౌష్టికాహారానికి ప్రభుత్వం నెలకు ఇచ్చే 500 రూపాయలు 2024 నవంబరు నుంచి 1000 అయ్యాయి. ఆమె బ్యాంకు పుస్తకం తెప్పించి ఆ దరఖాస్తు పెట్టించాం. నిన్న భర్త వచ్చాడు. మంచం దగ్గర చాలాసేపు మాటా పలుకూ లేకుండా కూర్చున్నాడు. వెళ్ళేముందు "మాత్రలెన్ని గంటలకెయ్యాలండీ?" అని నన్నడిగి, అరచేతిలో పెన్నుతో రాసుకున్నాడు.

ఇది చదివేవారిలో మాత్రలు మానేసిన వారుంటే, మీ ఇంట్లో ఎవరైనా ఉంటే, ఆదివారం తప్ప ఏ రోజైనా ఉదయం ఎనిమిది తర్వాత ఓ.పి. దగ్గరకు వచ్చి నర్సింగ్ సూపరింటెండెంటును అడగండి. మానేసిన మాత్రలు ఎన్ని మిగిలి ఉంటే అన్నీ ఆ సంచితోనే తీసుకురండి. పాత చీటీలు పోయినా ఫరవాలేదు. ఎందుకు మానేశారని ఒక్కసారే అడుగుతాను, అది కూడా మందు ఎక్కడ నుంచి మొదలెట్టాలో తెలియడానికే.